తొంభై ఆరు మోకాళ్లు

ఇరవై ఆరేండ్లు ఈ రూములనే ఉన్న.
నల్లగొండ పెద్ద దవాఖాన, మెట్ల కింద
ఒక మంచం, ఒక గోడ నిచ్చెన, మైనం కాగే డబ్బా.
ఎన్ని మోకాళ్లు వంచిన్నో లెక్క లేదు.
లెక్క లేదన్న మాటను
గొప్పగనే చెప్పుకునేదాన్ని.

ఆండాలు వచ్చిన కొత్తల అడిగింది:
"లింగస్వామి తాతకు పోయిన నెల ఎంత వంగింది మేడం?"
కొంచెం, అన్న.
"కొంచెం అంటే?"
నా చెయ్యికి తెలుసు, అన్న.
పిల్ల నా చెయ్యి దిక్కు చూసింది,
అదేమన్న చెప్తదేమోనని జెరసేపు ఆగింది.
తర్వాత సంచిల నుంచి
కోణాలు కొలిచే ప్లాస్టిక్ బద్ద తీసింది.

మర్రిగూడ దిక్కు పల్లెలు.
నల్లాలల్ల కృష్ణ నీళ్లు వచ్చినయి,
ఎముకలల్ల ఇంకా పాత బోరు నీళ్లే.
గదుమ రొమ్ముకు ఆనదు.
చేతులు తల వెనకకు పోక
బుచ్చమ్మ జుట్టే కత్తిరించుకున్నది.

"పరిశోధనలు డాక్టర్లు చేస్తరు,
ఫిజియోలకెందుకమ్మా?" అన్నరు పైన రూముల.
ఆ తలుపు ముందట మూడు రోజులు కూసున్న,
సంతకం అయ్యేదాక.
నేను చేసింది గంతే.
ఇంకా అంటే, ఆమె బేస్తవారాలు ఆమెకిచ్చి
ఆమె మంచం కాడ నేను నిలబడ్డ.

ఏలిముద్ర అడిగితే బుచ్చమ్మ అన్నది:
"ఎందుకు బిడ్డా, పింఛన్‌కా?"
"కాదవ్వా. దీంతోని పైస రాదు.
నొప్పి తగ్గుతదో లేదో గూడ తెల్వదు."
"మరి?"
"తెలుసుకునేతందుకు."
అవ్వ బొటనవేలు సిరాల ముంచింది:
"తెల్వదని చెప్పిన దవాఖానోళ్లల్ల
నువ్వే మొదలు."

నలభై ఎనిమిది మంది. తొంభై ఆరు మోకాళ్లు.
సగం మందికి నా టువాలు కసరత్తు:
మోకాలు కింద చుట్ట పెట్టి, అదిమి, పదిదాక లెక్కవెట్టుడు.
సగం మందికి ఏం లేదు,
కిరాణ దుకాణం దాక నడిచి వచ్చుడు.

ఎనిమిది నెలలకు ఒక పొద్దూకి
గడపల నిలబడ్డది, కాగితం ఇయ్యలే.
"లెక్క తప్పయి ఉంటది మేడం, మళ్ల చూస్త."
రబ్బరు మరకలు చూస్తే అర్థమైంది,
అప్పటికే మూడుసార్లు చూసింది.

అబద్ధమెందుకు, ముందు కోపమే వచ్చింది.
మైనం మాడిన వాసన వచ్చేదాక
డబ్బా సంగతే యాదికి లేదు.
ఆ రాత్రి కండ్లు మూస్తే
ఇరవై ఆరేండ్ల టువాళ్లు
దండెం మీద వరుసగ.

పొద్దుగాల ఎర్ర పెన్ను తీసుకున్న.
"కసరత్తుతో తేడా కనిపించకపోవచ్చు"
అని రాసింది, నా మొహం చూసి.
"కపోవచ్చు" కొట్టేసి
"లేదు" అని పెట్టిన.
కనిపించలేదు.
నేను ఆండాలుకు నేర్పిన వ్యాకరణం
అదొక్కటే.

"మీ పేరు ఎక్కడ పెట్టాలె?"
చివర పెట్టు, లేకున్నా సరే.
ఆ మాటను మాత్రం మెత్తగ చెయ్యకు.

హైదరాబాద్ సభల వెనక వరుసల కూసున్న.
ఎవరో పెద్దాయన లేచి అడిగిండు,
వయసును బట్టి తేడా ఉందా అని.
మైకు ముందట ఆండాలు:
"తెల్వదు సార్. అది ఇంకా కొలవలేదు."
గొంతు వణకలే.
నా మోకాళ్లే వణికినయి.

ఇప్పుడు ఆమె కింద దేవరకొండ పిలగాడొకడు, సైదులు.
నిన్న ఫైలు పట్టుకొని వచ్చిండు:
"మేడం, పండబెట్టి కొలిచిండ్రు.
కూసోబెట్టి కొలిస్తే వేరే వస్తది కద?"
ఆండాలు మొహంల ఏదో కదిలింది.
అదేందో నాకు తెలుసు.
నేనేం మాట్లాడలే,
మైనం చూసొస్తనని లేచిన.
వెనక నుంచి కుర్చీ జరిపిన చప్పుడు,
"కూసో. చూపెట్టు."